న్యూజీలాండు దేశమున మద్యవిముక్తి కూటముల చరిత్రము

న్యూజీలాండు దేశపు మూలవాసులు మావోరీలు. పూర్వకాలమందు వారు మత్తుపానీయమును కాచుటగాని త్రాగుటగాని యెరుగరు. తాటికల్లు, ఇప్పసారా, ద్రాక్షారసము మొదలగువానిలో నేదియు వారి యూళ్లలో లేకుండెను. తెల్లవారి యోడలు వచ్చిన పిమ్మటనే మద్యము వారి తీరమున దిగెను. 1773వ సంవత్సరమున కెప్టెన్ కుక్కు అను నావికుడు తన యోడవారికి చిగుళ్లవ్యాధి రాకుండుటకై అచ్చటి అడవిచెట్ల చిగుళ్లను ఉడికించి బీరు కాయించెను. ఆ దేశమున కాచబడిన మొదటి బీరు అదియే. మావోరీలు తెల్లవారి పానీయమునకు తమ భాషలో వైపిరో అని పేరిడిరి. వై అనగా నీరు. పిరో అనగా కంపు. కంపునీరు అని దాని యర్థము. ఇంత సరియైన పేరు పెట్టిన జనులును కాలక్రమమున దానికి లోబడిరి. పేరు తెలిసినంత మాత్రమున శత్రువు చేతినుండి తప్పించుకొనుట సాధ్యముకాదని దీనివలన తెలియుచున్నది.

ఆ కంపునీటినుండి విడుదల పొందుటకు ఆ దేశస్థులు అనేక మార్గములు వెదకిరి. మొదట బోధవలనను, పిమ్మట ఓటువలనను, చట్టమువలనను, దీవిలో వేరుగా నుంచుటవలనను ప్రయత్నించిరి. తుదకు కొందరు త్రాగుబోతులే ఒక చిన్నగదిలో కుర్చీలు వేసికొని కూర్చుండి ఒకరికొకరు తోడైరి. ఈ చరిత్రము తోటలలో పనిచేయు కుటుంబములకు మిక్కిలి తెలియదగినది. జీతపు దినమున తండ్రి యింటికి వచ్చు త్రోవలో కల్లుదుకాణమున్నదో లేదో యనుదానినిబట్టి ఆ రాత్రి పొయ్యి వెలుగుటయు వెలుగకుండుటయు నిర్ణయమగుచుండుట లైనిండ్లలో పెరిగినవారికి క్రొత్తసంగతి కాదు. మలయా రబ్బరు తోటలలో పూర్వము కూలివారికొరకు కల్లుదుకాణములు తోటలలోనే యుండెడివి. ఉదయమున చెట్టుచెట్టు తిరిగి సంపాదించిన కూలి సాయంకాలమున ఆ దుకాణపు గల్లాపెట్టెలో పడెడిది. తల్లి బియ్యపు కుండలో దాచిన డబ్బును తండ్రి వెదకుట చూచిన పిల్లలు ఎందరో కలరు.

బోధయు ఓటును

1814వ సంవత్సరము క్రిస్మసు దినమున శామ్యూలు మార్సుడెను అను గురువు న్యూజీలాండు ఉత్తరభాగమందలి ఓయిహీ తీరమున మావోరీలకు సువార్త ప్రకటించెను. సువార్త వచ్చిన తీరముననే సారాపీపాలును వచ్చెను. తిమింగలములను వేటాడు ఓడలు లంగరువేయు కొరోరారెక అను రేవు త్రాగుడునకును అల్లరులకును పేరుపొంది, పసిఫికు సముద్రపు నరకకూపమని పిలువబడెను. మిషనెరీలు మద్యవర్జన బోధించిరి. మావోరీ పెద్దలును తమ జనులు నశించుట చూచి ఊరకుండలేదు. వారు కోరగా 1884వ సంవత్సరమున కింగ్ కంట్రీ అను విశాల ప్రాంతములో మద్యము అమ్ముటకు అనుమతులు నిలిపివేయబడెను. ఆ నిషేధము 1954 వరకు అనగా 70 సంవత్సరములు నిలిచెను.

1885వ సంవత్సరమున క్రైస్తవ స్త్రీల మద్యవర్జన సంఘము ఆ దేశమున స్థాపింపబడెను. భర్తల త్రాగుడువలన దెబ్బలు తినువారు స్త్రీలు. ఆకలి సహించువారు స్త్రీలు. అయినను శాసనసభ యెన్నికలలో వారికి ఓటు లేదు. ఈ యన్యాయమును గ్రహించి కేటు షెప్పర్డు అను స్త్రీ, క్రైస్టుచర్చి పట్టణమందు నివసించుచు, స్త్రీలకు ఓటుహక్కు కావలెనని సంవత్సరములతరబడి పనిచేసెను. 1893వ సంవత్సరమున దాదాపు 32,000 మంది స్త్రీల చేవ్రాళ్లుగల మహాపత్రము శాసనసభకు సమర్పింపబడెను. అదే సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన స్త్రీలకు ఓటుహక్కు చట్టమాయెను. స్వపరిపాలనగల దేశములలో స్త్రీలందరికి శాసనసభ యెన్నికలలో ఓటు ఇచ్చిన మొదటి దేశము న్యూజీలాండే. ఆ హక్కునకు పాటుపడినవారిలో అనేకులు మద్యవర్జన సంఘములో పనిచేసిన స్త్రీలని చదువరులు జ్ఞాపకముంచుకొనదగును.

అటుపిమ్మట మద్యము ఉండవలెనా వద్దా యని జనులే ఓటువేయు ఏర్పాటు జరిగెను. 1911వ సంవత్సరమున ఓటువేసినవారిలో నూటికి 55 మందికి పైగా దేశమంతట నిషేధము కావలెననిరి. అయితే నూటికి 60 మంది కోరినగాని నిషేధము రాదని నియమముండుటచేత అది నెరవేరలేదు. 1919 ఏప్రిలులో మరల ఓటు జరిగినపుడు నియమము మారి, సగముకంటె ఎక్కువ చాలునని యుండెను. దేశములోనివారి ఓట్లు లెక్కించినపుడు నిషేధపక్షమే ముందుండెను. సముద్రముల కావలనున్న సైనికుల ఓట్లు వచ్చిచేరగా సుమారు 10,000 ఓట్ల తేడాతో ఓడిపోయెను. అదే సంవత్సరము డిసెంబరులో ఇంకొకసారి నూటికి 49 మందికి పైగా కోరిరి గాని సగము దాటలేదు. అట్టి ఓట్లు 1987 వరకు జరుగుచుండెను గాని నిషేధము ఎన్నడును గెలువలేదు.

గడియారపు చట్టము

మొదటి మహాయుద్ధ కాలములో, 1917 డిసెంబరునుండి, సాయంకాలము ఆరుగంటలకు పానశాలలు మూయవలెనని చట్టము చేయబడెను. మగవారు త్వరగా ఇండ్లకు పోవుదురని చేసినవారి తలంపు. వేరొక ఫలము కలిగెను. ఐదుగంటలకు పని ముగించినవారు ఒక్క గంటలో త్రాగగలిగినంత త్రాగవలెనని పరుగెత్తిరి. నిలిచి త్రాగి, ఒకరినొకరు త్రోసికొని, ఆరుగంటలకు వీధిలో పడిరి. ఈ చట్టము 50 సంవత్సరములు అమలులోనుండి, జనుల ఓటువలన 1967 అక్టోబరులో తీసివేయబడెను.

చట్టము నిరర్థకమని దీనివలన అనరాదు. దుకాణములు తగ్గినచోట త్రాగుడు తగ్గుటయు, కుటుంబములు ఊపిరి పీల్చుకొనుటయు అనేక దేశములలో చూడబడినది. అయితే త్రాగుడు వ్యసనముగా ముదిరినవానికి గడియారము గురువు కాజాలదు. అతనికి తాళపుచెవి లోపలనే కావలెను.

దీవిలోని గృహము

రక్షణ సైన్యమువారు వ్యసనపరుల విషయమై వేరొక యుపాయము చేసిరి. ఆక్లండు పట్టణమునకు ఎదుటనున్న హౌరాకి అఖాతములో రోటోరోవా అను చిన్నదీవిని 1908లో కొని, 1911 మొదలు 2005 వరకు అచ్చట త్రాగుబోతులకొరకు గృహము నడిపిరి. చుట్టును సముద్రము, దుకాణము లేదు. అచ్చటికి వచ్చినవారిలో కొందరు తామే కోరి వచ్చిరి, కొందరు న్యాయస్థానపు ఆజ్ఞవలన వచ్చిరి. పశువులను మేపుట, తోటపని, ప్రార్థన, వేళకు భోజనము, వేళకు నిద్ర వారి దినచర్య. అనేకులు ఆరోగ్యము పొందిరి. ఆ గృహము మూయబడిన పిమ్మట రక్షణ సైన్యమువారు పట్టణములలోనే బ్రిడ్జి అను పేరుగల చికిత్సాపద్ధతిని నడుపుచున్నారు.

దీవియందు కలిగిన మేలు గొప్పదే. కాని దీవినుండి పడవ యెక్కి వచ్చినవాడు మరల పాతవీధికే రావలెను. పాత స్నేహితులు చేయి ఊపుదురు. దుకాణపు దీపము వెలుగుచుండును. ఆ సాయంకాలమున అతని ప్రక్కను నడుచువాడెవడు? ఈ ప్రశ్నకు జవాబు వేరొక ఖండమునుండి వచ్చెను.

ఇద్దరు త్రాగుబోతుల సంభాషణ

1935వ సంవత్సరము మే మాసమున అమెరికాలోని ఆక్రను పట్టణమునకు బిల్ విల్సను అను వర్తకుడు పనిమీద వచ్చెను. అతడు న్యూయార్కునందు వాటాల వ్యాపారము చేయుచు త్రాగుడువలన సమస్తము పోగొట్టుకొనినవాడు. త్రాగుట మాని అప్పటికి అయిదు నెలలైనది. వచ్చిన పని చెడిపోయెను. చేతిలో డబ్బు లేదు. తాను బసచేసిన హోటలులో ఒకవైపున పానశాల సందడి వినబడుచుండెను. ఒక్క గ్లాసు త్రాగిన పోవునని మనస్సు లాగెను. అతడు భయపడి, టెలిఫోనునొద్దకు పోయి, ఆ పట్టణపు సంఘగురువులలో ఒకనిని పిలిచి, తనవంటి త్రాగుబోతు ఎవడైన నున్నచో అతనితో మాటలాడవలెనని వేడుకొనెను. అట్లు అతడు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసికొనెను. ఆ వైద్యుడును త్రాగుడునకు బానిసయే. పావుగంట మాత్రము కూర్చుందునని వచ్చిన వైద్యుడు గంటలకొలది కూర్చుండెను. ఏలయనగా తన్ను తీర్పుతీర్చక, తన కథను తానే చెప్పుకొను మనుష్యుని అతడు అంతవరకు చూచియుండలేదు.

ఆ వైద్యుడు 1935 జూన్ 10వ తేదీన కడపటిసారి త్రాగెను. ఆ దినమే ఆల్కహాలిక్సు అనానిమస్ అను సంఘపు పుట్టినదినమని యెంచబడుచున్నది. పేరు బయటపెట్టుకొనని త్రాగుబోతుల సంఘమని దాని యర్థము. 1939లో ఆ సంఘపు పుస్తకము అచ్చుపడెను. అందు పండ్రెండు మెట్లు వివరింపబడెను. త్రాగుడుమీద తనకు శక్తిలేదని యొప్పుకొనుట, తనకంటె గొప్పశక్తిని ఆశ్రయించుట, తన తప్పులను మరియొకరియెదుట ఒప్పుకొనుట, కీడుపొందినవారితో సమాధానపడి నష్టమును సరిచేయుట, తన్ను పోలిన మరియొకనికి తోడుపడుట ఆ మెట్ల సారము. ఆ మొదటివారు యాకోబు పత్రికను, కొండమీది ప్రసంగమును ప్రీతితో చదువుచుండిరి. 1941 మార్చిలో ఒక ప్రసిద్ధ పత్రికలో ఈ సంఘమునుగూర్చి వ్యాసము రాగా, సుమారు 2,000 గానున్న సభ్యులు ఆ సంవత్సరాంతమునకు 8,000 వరకు పెరిగిరి.

సముద్రములు దాటిన ఉత్తరము

అచ్చుకాగితము మనుష్యునికంటె దూరము పోగలదు. న్యూజీలాండు దక్షిణ దీవియందు నెల్సను ప్రాంతములో ఒక మనుష్యుడు త్రాగుడువలన మిక్కిలి నలిగియుండెను. అతడు ఒక మాసపత్రికలో ఈ సంఘమునుగూర్చి చదివి, న్యూయార్కునకు ఉత్తరము వ్రాసెను. అక్కడనుండి జవాబు వచ్చెను. అట్లు 1946లో న్యూజీలాండునందు ఆ సంఘము ఆరంభమాయెను. సంఘపు ఆచారమునుబట్టి అతని పేరు ఇచ్చట వ్రాయబడలేదు. మొదట అతనికి కూటము లేదు, తోటివాడు లేడు. ఉత్తరములే అతని కూటము. తాను నిలువవలెనన్న మరియొకనిని వెదకవలెనని యెరిగి, అతడు తనవంటివారిని వెదకెను. ఆ వెదకుటవలన కూటములు ఒకటొకటిగా లేచెను. నేడు ఆక్లండు, వెల్లింగ్టను, క్రైస్టుచర్చి, డునీడిను మొదలగు పట్టణములలోను, చిన్న యూళ్లలోను కూటములు జరుగుచున్నవి.

కూటమునకు పోవు విధము

కూటమును కనుగొనుట కష్టముకాదు. సంఘమువారి ఉచిత టెలిఫోను కలదు. వైద్యుడు, సంఘగురువు, చెరసాలలో పనిచేయువారు త్రోవ చూపుదురు. కూటముల స్థలమును వేళను తెలుపు పట్టికను కంప్యూటరులోను చేతిఫోనులోను చూడవచ్చును. 2020లో కరోనా వ్యాధివలన జనులు ఇండ్లు కదలరానపుడు అనేక కూటములు ఫోనుతెరమీదనే జరిగెను. దూరపు పొలములలో నుండువారికి ఆ యేర్పాటు నేటికిని ఉపయోగపడుచున్నది. కూటములు రెండు విధములు. బహిరంగ కూటమునకు భార్య, అన్న, స్నేహితుడు ఎవరైనను రావచ్చును. ఆంతరంగిక కూటము త్రాగుడు మానగోరువారికి మాత్రమే.

కష్టమంతయు గుమ్మమునొద్దనే యున్నది. మొదటిసారి వచ్చువాడు వీధికి ఎదురుగా నిలిచి, ఎవరైన తెలిసినవారు చూతురేమోయని వెనుకకు తిరిగిపోవుట సాధారణము. అట్లు రెండు మూడు మారులు తిరిగిపోయి పిమ్మట లోపలికి వచ్చినవారును కలరు. లోపల చూడగా అది తరచుగా గుడికి చేరిన సామాన్యమైన గది. గుండ్రముగా వేసిన కుర్చీలు, వేడిటీ, బిస్కత్తులు. ఇంటిపేరు ఎవరును అడుగరు. చేరుటకు రుసుము లేదు; త్రాగుట మానవలెనను కోరిక యొక్కటే చాలును. గది అద్దెకును టీకిని సభ్యులే తమకు తోచినది పళ్లెములో వేయుదురు. బయటివారి ధనము పుచ్చుకొనరు. గుడి గదిలో కూడుకొనినను ఆ సంఘము ఏ మతశాఖకును చెందినది కాదు.

ఒకరి తరువాత ఒకరు తమ కథ చెప్పుదురు. మధ్యలో ఎవరును అడ్డుపడరు, గద్దింపరు. మాటలాడ నిష్టములేనివాడు ఊరక వినవచ్చును. క్రొత్తవాడు అచ్చట వినునది తన కథయే. భార్య తాళిబొట్టు తాకట్టుపెట్టినవాడు తానొక్కడే యనుకొనినవాడు, భార్య ఉంగరము తాకట్టుపెట్టిన తెల్లవాని మాటలు విని తలయెత్తి చూచును. ముందుగా విడుదల పొందినవారిలో ఒకరు అతనికి తోడునిలుచువాడుగా ఉండి, త్రాగవలెనని మనస్సు లాగినపుడు ఏ వేళనైనను పిలువుమని తన టెలిఫోను సంఖ్య నిచ్చును. జీవితమంతయు మానవలెనని భయపడనక్కరలేదు, ఈ దినము మానిన చాలునని వారు చెప్పుదురు. మొదటి తొంబది దినములలో తొంబది కూటములకు పొమ్మని చెప్పుట వారి వాడుక.

ఈ పద్ధతి నిజముగా పనిచేయునా యని పండితులును పరీక్షించిరి. 2020లో ప్రకటింపబడిన ఒక విమర్శలో 27 పరిశోధనలు, 10,565 మంది సంగతులు పరిశీలింపబడెను. త్రాగుడు పూర్తిగా మానియుండు విషయమున ఈ సంఘమునకు పోవునట్లు చేయు పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోలేదనియు, కొన్నిటికంటె మేలుగానున్నదనియు తేలెను. అయినను అందరును నిలుతురని చెప్పరాదు. పడినవాడు మరల వచ్చినపుడు అతని కుర్చీ అతనికి ఇయ్యబడును.

ఒక హెచ్చరిక మరువరాదు. బహుకాలము ప్రతిదినము మిక్కుటముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో చేతులు వణకుట, లేనివి కనబడుట, మూర్ఛ వచ్చుట కలుగవచ్చును. ప్రాణాపాయము కూడ కలదు. అట్టివానిని ముందు వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ప్రార్థనయు కూటమును వైద్యమునకు విరోధులు కావు.

ఇంటివారి కూటము

త్రాగుబోతు ఒక్కడే రోగి కాడు. అతని అడుగుల చప్పుడు వినగానే పిల్లలు మూలలకు పోవుదురు. భార్య రేపటి కూలికి తానే సాకు చెప్పి కంగాణిని బతిమాలును. బిల్ విల్సను భార్యయైన లోయిసు ఈ సంగతి తన యింటనే యెరిగి, 1951లో మరియొక స్త్రీతో కలిసి అల్ అనాను అను కుటుంబ కూటములను స్థాపించెను. యౌవనుల కూటములు 1957లో మొదలాయెను. ఇవి న్యూజీలాండునందును కలవు. భర్త కూటమునకు పోకున్నను భార్య పోవచ్చును. భర్త త్రాగుడు తన దోషము కాదని ఆమె అచ్చట తెలిసికొనును. దానిని దాచిపెట్టి అతనిని కాపాడవలసిన భారము దించుకొనును. కొట్టుచున్నచో బిడ్డలతోకూడ క్షేమమైన చోటికి పోవుట పాపము కాదనియు ఆమె యెరుగవలెను.

తోటలవారికి ఈ చరిత్రము

న్యూజీలాండు తెలుగువారికి పరాయిదేశము కాదు. 1879 మొదలు 1916 వరకు ఫిజీ దీవుల చెరకుతోటలకు 60,000 మందికి పైగా భారతీయులు ఒడంబడికమీద కొనిపోబడిరి. 1903 తరువాత మద్రాసు రేవునుండి పోయినవారిలో తెలుగువారును ఉండిరి. 1987లో ఫిజీయందు సైన్యము ప్రభుత్వమును కూలద్రోసిన పిమ్మట వారి సంతతివారిలో అనేకులు న్యూజీలాండు చేరిరి. లైనిండ్లలో కాపురముండినవారి మునిమనుమలు నేడు ఆక్లండు వీధులలో ఉన్నారు. తాత లైనునుండి వచ్చిన దుఃఖము మునిమనుమనియొద్ద కూడ నుండినయెడల, ఆ గది తలుపు అతనికిని తెరచియేయున్నది.

స్వదేశమందును ఇట్టి మేల్కొలుపు జరిగినది. 1992లో నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామమున అక్షరములు నేర్చుకొన కూడిన స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ గాలి రాష్ట్రమంతట వీచి 1993లో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. న్యూజీలాండు స్త్రీల ఓటువలెనే దూబగుంట స్త్రీల ధైర్యము చిరస్మరణీయము. అయితే చట్టము వచ్చినపుడును పోయినపుడును పల్లెలో త్రాగుబోతు ఒంటరిగానే మిగిలెను. స్త్రీలు రాత్రిబడిలో కూడినట్లు త్రాగుబోతులును కూడుకొనుటకు ఒక గది కావలెను. భారతదేశమున ఆల్కహాలిక్సు అనానిమస్ సంఘము 1957లో బొంబాయియందు మొదలై పలుచోట్ల వ్యాపించినది.

తోటలో కూటము లేదని నిరాశపడ నక్కరలేదు. ఆక్రను పట్టణమందలి మొదటి కూటమునకు ఇద్దరే వచ్చిరి. నెల్సను ప్రాంతమున మొదట ఒక్కడే యుండెను. పాఠశాల గది సాయంకాలమున ఖాళీగా నుండును; చాపయు దీపమును టీయును చాలును. ఉపదేశి బోధింపక వినగలిగినచో, వచ్చినవాని మాట గదిదాటి పోకున్నచో, కూటము ఆరంభమైనట్లే. యెరికో త్రోవలో పడియున్నవానిని చూచి ప్రక్కగా పోయినవారు ఇద్దరు, ఆగినవాడు ఒక్కడు. ఈ జీతపు దినమున లైనులో పడియున్నవాని యొద్ద ఆగవలసినవాడు, నిన్నటివరకు అచ్చటనే పడియుండి నేడు లేచినవాడు.